వీధిలో పడ్డ పేడ ఎవరిది: కపిలేశ్వరపురం పరిసరాల్లో ఒక బాధ్యత చరిత్ర

పశువును పెంచేవాడే దాని పేడను వీధిలోంచి ఎత్తాలని గోదావరి డెల్టా పల్లెల్లో ఎవరూ నియమంగా రాసి పెట్టుకోలేదు. చాలాకాలం ఆ అవసరమే రాలేదు. అప్పట్లో పేడ పారేసే వస్తువు కాదు. పొయ్యిలోకి పిడక అదే, చేలోకి ఎరువు అదే, ఇంటి నేలకు అలుకు, వాకిట్లో కల్లాపి, పండక్కి గొబ్బెమ్మ కూడా అదే. దారిలో పడ్డ పేడకడి ఎండేలోపే ఎవరో ఒకరి తట్టలోకి చేరేది. గౌతమి గట్టున ఉన్న కపిలేశ్వరపురం, చుట్టుపక్కల అంగర, కోరుమిల్లి, కేదార్లంక, తాతపూడి, వల్లూరు వంటి ఊళ్లు అలా బతికినవే. ఆ వీధుల శుభ్రత ఎవరి నడుం మీద నిలబడిందో, ఎప్పుడు సడలిందో తెలుసుకోవాలంటే పేడకున్న విలువ ఎలా పెరిగి ఎలా పడిపోయిందో చూడాలి.

వీధి మురికి మీద శిక్షలు ఈ దేశానికి కొత్తవి కావు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, నగర పాలకుడి విధులు చెప్పే చోట, జరిమానాల పట్టిక ఒకటి ఉంది. వీధిలో మట్టి పోస్తే పణంలో ఎనిమిదో వంతు, బురదనీళ్లు నిలిచేలా చేస్తే నాలుగో వంతు, రాజమార్గంలో అయితే రెట్టింపు. చచ్చిన పిల్లిని, కుక్కను, ముంగిసను, పామును ఊళ్లో పారేస్తే 3 పణాలు. గాడిద, ఒంటె, కంచరగాడిద, ఆవు వంటి పెద్ద జంతువు కళేబరమైతే 6 పణాలు. ఇంత వివరంగా రాసిన ఆ పట్టికలో, నడిచివెళ్లే పశువు దారిలో వేసిన పేడకు విడిగా జరిమానా కనిపించదు. కళేబరాన్ని ఎవరూ కోరుకోరు. పేడ అలా కాదు, దాన్ని ఏరుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

డెల్టాలో పేడ విలువ పెరగడానికి కాలువలే కారణం. 1832–33లో వచ్చిన నందన కరువు ఈ ప్రాంతాన్ని కుదిపేసింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. కాలువలు పారిన చోటల్లా బీడు భూములు వరిచేలయ్యాయి. దున్నే ఎడ్లు, బళ్లు లాగే ఎడ్లు, పాడిగేదెలు ఇంటింటా అవసరమయ్యాయి. మేత బీళ్లు తగ్గడంతో పశువు ఎక్కువసేపు సావిట్లోనే కట్టుబడి గడ్డిమేటు మీద బతికింది. అడవి దగ్గర్లో లేదు, వంటచెరకు కరువు. కొబ్బరిమట్ట, కంపతో పాటు పిడకే పొయ్యికి ఆధారం. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో ఇచ్చిన నివేదికలో, దేశమంతటా చేలకు పోవలసిన పేడ పొయ్యిలో కాలిపోతోందని బాధపడ్డాడు. రైతుకు తెలియక కాదనీ, కట్టెలు దొరక్కే కాలుస్తున్నాడనీ ఆయనే ఒప్పుకున్నాడు. పొయ్యి, చేను రెండూ ఒకే గంప కోసం పోటీ పడితే ఆ గంప వీధిలో మిగలదు.

సావిట్లో పడ్డ పేడ యజమానిది. పాలేరు తెల్లవారకముందే దాన్ని ఎత్తి పెంటకుప్పలో వేసేవాడు, ఆ కుప్ప ఎండాకాలంలో బండి మీద చేలోకి పోయేది. వీధిలో, కాలవగట్టు మీద పడ్డది మాత్రం ముందు చూసినవారిది. పశువుల మంద పొలానికి పోయేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ వెనకాల తట్ట పట్టుకుని నడిచే పిల్లలు, ఆడవాళ్లు ఉండేవారు. సొంత పశువు లేని కూలి ఇళ్లకు వంటచెరకు అక్కడినుంచే రావాలి. చేలో ఎండిపోయిన పేడముద్దకు ఏరుపిడక అని పేరు. పిడకలు కాల్చిన కచ్చికతోనే పళ్లు తోముకునేవారు. పిడక ఎంత అవసరమో తెలుగు సామెతే చెబుతుంది. కథ మధ్యలో సంబంధం లేని మాట ఎత్తితే ‘రామాయణంలో పిడకల వేట’ అంటారు. పిడకల కోసం వేట ఊళ్లో రోజూ జరిగే పని కాబట్టే ఆ మాట పుట్టి ఉండవచ్చు.

ఈ ఏర్పాటు ఎంత పక్కాగా నడిచిందో ధనుర్మాసంలో చూడవచ్చు. తెల్లవారుజామున ఇంటి ఆడపడుచు బకెట్టులోనో కుండలోనో పేడ కలిపి, పీచు, గడ్డిపరకలు చేత్తో తీసేసి, పలచటి ఆకుపచ్చ నీటిని దోసిలితో వాకిలంతా చల్లుతుంది. దుమ్ము అణుగుతుంది, నేల బిగుస్తుంది, ముగ్గు తెల్లగా నిలుస్తుంది. ముగ్గు మధ్య పేడముద్దలు గొబ్బెమ్మలుగా కూర్చుని, నెత్తిన గుమ్మడిపువ్వు పెట్టుకుంటాయి. సాయంత్రానికి ఆ గొబ్బెమ్మలను పారేయరు. గోడకు కొట్టి పిడకలు చేసి దాస్తారు. అవే రథసప్తమినాడు తులసికోట దగ్గర ఎండలో పొయ్యికి చేరి పాలు పొంగిస్తాయి, పరమాన్నం వండిస్తాయి. చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. భోగికి పిల్లలు చేసే చిన్న పిడకల సంగతి వేరు. చేతివేలితో మధ్యలో చిల్లి పెట్టి, ఎండబెట్టి, పురికొసకు గుచ్చి దండ కట్టి మంటలో వేస్తారు. కోనసీమలో ఆ దండలు వాడవాడకూ పోటీపడి పొడవయ్యేవి. పేడ కోసం పిల్లలు నెల ముందునుంచే సావిళ్ల చుట్టూ తిరిగేవారు. ఆ పండగ రోజుల్లో వీధిలో పేడ మిగలడం దాదాపు అసాధ్యం.

ఊరందరి పశువులు ఒకచోట నిలబడే స్థలానికి కూడా లెక్క ఉండేది. కపిలేశ్వరపురం జమీందారీ ఊరు. జమీ గ్రామాల్లో రైతు హక్కులను తేల్చిన 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం కళ్లాలను, పశువులు నిలిచే మందబయళ్లను, గ్రామకంఠాన్ని సాగుభూమి లెక్కలోంచి తప్పించి ఊరి ఉమ్మడి వాడకానికి వదిలింది. తెల్లవారి పశువులన్నీ మందబయల్లో చేరేవి, కాపరి అక్కడినుంచి తోలుకెళ్లేవాడు. కాబట్టి పేడ ఎక్కువగా పడే చోటు కూడా ముందే తెలుసు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక ఈ ఉమ్మడి భూములు ప్రభుత్వ పరమయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో చాలా ఊళ్లలో వాటి మీద ఇళ్లు, బళ్లు, పంచాయతీ కట్టడాలు లేచాయి. మందబయలు పోయిన ఊళ్లో పశువుకు వీధే మందబయలైంది. వీధి శుభ్రత మీద దీని ప్రభావం ఎంతటిదో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పశువు యజమాని మీద బాధ్యతను రాతపూర్వకంగా మోపిన మొదటి పెద్ద చట్టం బందెలదొడ్డి చట్టం. 1857లో ఒకటి వచ్చింది, దాని స్థానంలో 1871లో వచ్చిన పశువుల అతిక్రమణ చట్టం శతాబ్దానికి పైగా నిలిచింది. పంటలో పడ్డ పశువును పట్టి దొడ్డికి తోలవచ్చు, యజమాని జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకోవాలి, ఎవరూ రాకపోతే ప్రకటన ఇచ్చి వేలం వేయాలి. దానిలో 11వ సెక్షను డెల్టాకు మరీ ముఖ్యం. ప్రభుత్వ రోడ్లు, కాలువలు, మురుగుకాలవలు, గట్లు, తోటల మీద నష్టం చేసినా, ఊరికే తిరుగుతూ కనిపించినా పశువును పట్టి 24 గంటల్లోపు దగ్గర్లోని దొడ్డికి పంపే అధికారం వాటిని చూసుకునే ఉద్యోగులకూ పోలీసులకూ ఉంది. గౌతమి ఏటిగట్టు తెగితే ఊళ్లకు ఊళ్లు మునుగుతాయి కాబట్టి గట్టు మీద గిట్టల బరువు ప్రభుత్వానికి ఆందోళన. చట్టం కాపాడింది పంటను, గట్టును. పేడ దాని దృష్టిలో నష్టం కాదు. అయినా యజమాని తన పశువును అదుపులో పెట్టుకోవాలన్న సూత్రం పల్లెకు మొదట తెలిసింది బందెలదొడ్డి ద్వారానే.

పేడను నిజంగా నేరంగా చూసిన చోటు ఒకటుంది. అది మంచినీళ్ల చెరువు. డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. అంతకుముందే ఊరి చెరువు నింపుకోవాలి, మళ్లీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగాలి. అందుకే ఆ చెరువులోకి పశువును దింపకూడదన్న కట్టుబాటు ఉండేది, అది ఎంత పాతదో చెప్పడం కష్టం. గేదెలు కడగడానికి వేరే చెరువు, లేదా కాలవ రేవు. గట్టు మీద పేడ పడితే తోలుకొచ్చినవాడే ఎత్తాలి. ఊరి పెద్దలు తిట్టి జరిమానా వేసిన సందర్భాలు ప్రతి పల్లెకూ గుర్తుంటాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ సెక్షను ఇదే మాటను చట్టంగా చెప్పింది: జనం వాడుకునే నీటిని పాడుచేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ శిక్షను 6 నెలలకు, జరిమానాను 5000 రూపాయలకు పెంచింది.

ఆ చెరువు కథలో ఇంకో సగం దాచకూడదు. మైల అన్న పేరుతో ఆ నీటి నుంచి దళితులనూ దూరం పెట్టిన ఊళ్లు ఈ దేశమంతటా ఉన్నాయి, గోదావరి జిల్లాలూ అందుకు మినహాయింపు కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలమందితో నడిచినప్పుడు, పశువులు తాగగలిగిన నీళ్లను మనుషులు ముట్టుకోకూడదనే కట్టడినే ఆయన ప్రశ్నించారు. 2022లో జిల్లాల విభజనప్పుడు కపిలేశ్వరపురం చేరిన కోనసీమ జిల్లా ఈనాడు ఆయన పేరే పెట్టుకుంది. ఊరి శుభ్రత గురించి మాట్లాడేటప్పుడు, శుభ్రత పేరుతో ఎవరిని దూరం పెట్టారో, ఎవరిచేత మురికి ఎత్తించారో రెండూ చెప్పాలి. చచ్చిన పశువును ఊరి బయటికి లాగడం దళిత కుటుంబాల మీద వెట్టిగా పడింది. కోస్తా పట్నాల్లో వీధులు ఊడ్చి మురికి ఎత్తే పని ఎక్కువగా రెల్లి కులస్తుల మీద పడింది. సావిడి పేడ ఇంటి ఆడవాళ్ల, పాలేళ్ల చేతికొచ్చింది. యజమాని అనే పదం వినగానే గుర్తొచ్చే మనిషి ఆ తట్టను దాదాపు ఎన్నడూ పట్టలేదు.

స్థానిక పాలన పెరిగేకొద్దీ వీధి శుభ్రత ప్రభుత్వ పనిగా మారింది. 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టం పల్లెల యూనియన్లకు రోడ్లు, పారిశుధ్యం అప్పగించింది. 1939లో మద్రాసు రాష్ట్రం తెచ్చిన ప్రజారోగ్య చట్టం దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. ఆంధ్ర ప్రాంతానికి అదే చట్టం తర్వాత కూడా కొనసాగింది. ఆరోగ్యానికి హాని కలిగేలా పశువును పెంచడాన్ని, చెత్త, మురికి పోగుపెట్టడాన్ని అది ఉపద్రవాల జాబితాలో చేర్చింది. తొలగించమని నోటీసు ఇచ్చే అధికారం ఆరోగ్యాధికారికి దక్కింది. 1950లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం, 1994లో పంచాయతీరాజ్ చట్టం వరసగా వచ్చాయి. వీధులు ఊడ్పించడం, చెత్తకుప్పలు తీయించడం పంచాయతీ తప్పనిసరి విధి అయింది. పంచాయతీ విధి అని రాసేసరికి పశువు యజమాని విధి మసకబారింది. కానీ పేడకు ధర ఉన్నంతకాలం ఆ లోటు ఎవరికీ కనిపించలేదు.

ఆ ధర పడిపోవడానికి దశాబ్దాలు పట్టింది. 1966 తర్వాత ఐఆర్8 వంటి పొట్టి వరి రకాలు వచ్చాయి, వాటికి రసాయన ఎరువు కావాలి. 1967లో విశాఖలో కోరమండల్ ఎరువుల కర్మాగారం మొదలైంది. తర్వాత కాకినాడలోనే నాగార్జున ఎరువుల కర్మాగారం యూరియా తయారుచేసింది. బండి పెంటలో నత్రజని నూటికి అర పాలే. హెక్టారుకు 10 టన్నులు తోలితే గానీ చేనుకు చాలదు, దాదాపు అంత నత్రజని రెండు మూడు బస్తాల యూరియాలో దొరుకుతుంది. ట్రాక్టరు వచ్చి ఎడ్లను తప్పించింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసు బండలను పేద ఇళ్లకు చేర్చాయి. నేలలు సిమెంటు అయ్యాయి, అలుకు అవసరం పోయింది. వీధులు సిమెంటు రోడ్లయ్యాయి. మట్టిదారి పేడనీటిని పీల్చుకునేది. సిమెంటు మీద అది వాహనాల చక్రాల కింద పరుచుకుని, ఎండకు పొలుసులుగా లేచి, వానకు కాలవలోకి జారుతుంది. ఇంటింటా ఒకటి రెండు గేదెలు మిగిలాయి, వాటి పేడను చేలోకి మోసే బండి మాత్రం లేదు. దాంతో రోడ్డు పక్కనే, మురుగుకాలవ ఒడ్డునే పెంటకుప్పలు మొలిచాయి.

మధ్యలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. పేడను పొయ్యికీ చేనుకూ ఒకేసారి వాడుకునే పద్ధతి గోబర్ గ్యాస్. జష్‌భాయ్ పటేల్ రూపొందించిన తేలే డ్రమ్ము నమూనాను ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1962 నుంచి వ్యాప్తిలోకి తెచ్చింది. 1984లో తక్కువ ఖర్చుతో ఇటుకల గుమ్మటం కట్టే దీనబంధు నమూనా వచ్చింది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. లోపల గ్యాసు, బయటికొచ్చిన ద్రవం చక్కటి ఎరువు. పశువుల సంఖ్య తగ్గిన ఇళ్లలో, ఇంటి గుమ్మంలోకే గ్యాసు బండ వచ్చిన ఇళ్లలో ఆ గుమ్మటాలు ఎండిపోయాయి. 2018లో కేంద్రం గోబర్‌ధన్ పథకంతో అదే ఆలోచనను ఊరు మొత్తానికి ఒకే ప్లాంటు రూపంలో తిరిగి ఎత్తుకుంది. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ సరైనది ఒకటే: పేడకు విలువ తిరిగి తెస్తే దాన్ని వీధిలోంచి ఎత్తడానికి పోలీసు అక్కర్లేదు.

పెంపుడు కుక్క విషయంలో ఈ తర్కం పనిచేయదు. తెలుగు పల్లెలో కుక్క ఒకప్పుడు ఎక్కువగా ఊరకుక్కే, అది ఊరందరిది, దాని మలాన్ని మట్టే కప్పుకునేది. కుక్కమలానికి ఇక్కడ ఎప్పుడూ ధర లేదు. లండన్‌లో ఒకప్పుడు ఉండేది. 19వ శతాబ్దపు తోళ్ల కార్ఖానాలు తోలు మెత్తబడడానికి దాన్ని వాడేవి. వీధుల్లో దాన్ని ఏరి బకెట్టు 8 పెన్నీల నుంచి ఒక షిల్లింగు 2 పెన్నీల దాకా అమ్ముకున్న పేదల గురించి హెన్రీ మేహ్యూ 1851లో రాశాడు. కార్ఖానాలు ఆ పద్ధతి మానేశాక ఏరేవాళ్లూ మాయమయ్యారు. పాశ్చాత్య నగరాల్లోనూ ధర పోయాకే చట్టం వచ్చింది. 1978 ఆగస్టు 1 నుంచి న్యూయార్క్‌లో కుక్క వేసిన మలాన్ని దాని యజమానే ఎత్తాలన్న చట్టం అమలైంది, తొలి జరిమానా 100 డాలర్ల దాకా. మొదట నవ్వినవారే తర్వాత అలవాటుపడ్డారు, ఆ నియమం ప్రపంచంలో అనేక నగరాలకు పాకింది.

భారతదేశంలో పరిస్థితి అన్నిచోట్లా ఇంకా ఆ మెట్టుకు రాలేదు. జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు పెంపుడు జంతువుల మలాన్ని యజమానులే తీయాలని సలహా ఇచ్చాయి. అదే సమయంలో, దానికి కేంద్ర, రాష్ట్ర చట్టాలు లేనందున అపార్ట్‌మెంటు సంఘాలు దాన్ని తప్పనిసరి చేయలేవని, అడగవచ్చు గానీ బలవంతం చేయలేవని చెప్పాయి. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు మాత్రం, ఎవరైనా తాము సృష్టించిన వ్యర్థాన్ని వీధిలో, బహిరంగ స్థలంలో, కాలవలో, నీటివనరులో వేయకూడదని స్పష్టంగా రాశాయి. కానీ వాటి బరువంతా పట్నాల మీదే ఉండేది. పల్లె వీధిలో పట్టీ వేసి నడిపించే కుక్క వేసింది ఇసుకలో అలాగే ఉండిపోతుంది. పేడ గడ్డి తినే జంతువుది. కుక్క మాంసం తినే జంతువు, దాని కడుపులోని కొంకి పురుగులు, గుండ్రటి పురుగుల గుడ్లు నేలలోకి చేరితే, కొంకి పురుగు పిల్లలు చెప్పులు లేకుండా ఆడే పిల్లల చర్మంలోకీ, గుండ్రటి పురుగు గుడ్లు వాళ్ల నోట్లోకీ పోతాయి. గుండ్రటి పురుగు గుడ్లు తడినేలలో ఏళ్లతరబడి బతుకుతాయి. దాన్ని మామూలు పెంటకుప్పలో కలపడమూ మంచిది కాదు, గుంట తీసి కప్పాలి.

వరద వచ్చినప్పుడు పేడ ఎవరు ఎత్తాలన్న ప్రశ్న మళ్లీ పాతరూపంలో కనిపిస్తుంది. 1986 ఆగస్టు వరదలో గోదావరి ధవళేశ్వరం దగ్గర రికార్డు స్థాయికి చేరింది. లంకల్లో నీళ్లు లేచిన ప్రతిసారీ రైతులు పశువులను తోలుకుని ఏటిగట్టు ఎక్కుతారు. గట్టు మీద మనుషులు, దూడలు, గేదెలు, ప్రభుత్వం పంచే ఆహారం, తాగునీటి ట్యాంకర్లు పక్కపక్కనే. ఎవరి పశువు దగ్గర పేడ వాళ్లే తట్టకెత్తి గట్టు పక్కకు దూరంగా వేస్తారు, ఎందుకంటే ఆ రాత్రి వాళ్లే అక్కడ పడుకోవాలి. ఎవరూ నోటీసు ఇవ్వరు, ఎవరూ జరిమానా వేయరు. నీరు తీశాక అదే మనిషి, అదే పశువు ఊరి సిమెంటు రోడ్డు మీదికి వస్తే ఆ పేడను పంచాయతీ కార్మికుడికి వదిలేస్తాడు.

2021 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం స్వచ్ఛ సంకల్పం మొదలుపెట్టి పల్లెల్లో క్లాప్ మిత్రలు అనే పారిశుధ్య కార్మికులను నియమించింది. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు ఏర్పాటయ్యాయి, అక్కడ వానపాముల ఎరువు తయారీకి పేడే ముఖ్య ముడిసరుకు. అలాంటి కేంద్రపు షెడ్డు ఉన్న పంచాయతీకి వీధి పేడ భారం కాదు, సరుకు. దాన్ని అక్కడిదాకా చేర్చే బాధ్యత ఎవరిదో తేల్చే అధికారం పంచాయతీకి 1994 చట్టంలోనే ఉంది. ఆ చట్టం కింద గ్రామ పంచాయతీ ఉపవిధులు రాసుకోవచ్చు, పై అధికారి ఆమోదంతో వాటి ఉల్లంఘనకు జరిమానా పెట్టవచ్చు. గేదె యజమాని పేడను షెడ్డుకు చేర్చాలని, కుక్క యజమాని మలాన్ని ఎత్తి గుంటలో కప్పాలని రెండు వాక్యాల ఉపవిధి రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ రెండు వాక్యాలను తర్వాతి గ్రామసభ అజెండాలో పెట్టమని పంచాయతీ కార్యదర్శిని అడిగే హక్కు ఊళ్లో ప్రతి ఓటరుకూ ఉంది.